బిస్కట్ రంగు సరే, ఏ బిస్కట్టు?



రేడియోలో రంగుల సంగతి చెప్పడమంటే ఉత్తరంలో పులుసు రుచి చూపించడం లాంటిదే. చూపించడానికి నా చేతిలో రంగూ లేదు, చూడడానికి మీకు వీలూ లేదు. అయినా ఈ విషయమే ఎందుకు ఎత్తుకున్నానంటే, రంగు ఎంచుకోవడంలో మనం చేసే పొరపాట్లన్నీ కళ్ళెదుట రంగు పెట్టుకునే చేస్తున్నాం. అంచేత కాసేపు కళ్ళు పక్కన పెట్టి, విని ఆలోచిస్తే నష్టం లేదు.

ఇంటికి రంగులు వేయించాలనుకోగానే మనలో చాలామంది అనుకునే మాట ఒకటే. "మరీ తెలుపొద్దు, మరకలు కనిపిస్తాయి. ముదురొద్దు, గది చిన్నదైపోతుంది. ఏదో లేతగా, హుందాగా, అన్నిటికీ కలిసేలా బిస్కట్ రంగు వేసేద్దాం." ఇంతవరకూ బాగానే ఉంటుంది. కొట్టుకు వెళ్ళగానే ఆయన ఒక లావుపాటి షేడ్ పుస్తకం మన ముందు పరుస్తాడు. అందులో బిస్కట్ రంగులే పదులకొద్దీ ఉంటాయి. ఒకటి మీగడలా, ఒకటి గంధంలా, ఒకటి తడి ఇసుకలా, ఒకటి కోడిగుడ్డు పెంకులా, ఇంకొకటి దంతంలా కనబడుతుంది. పదినిమిషాలు చూసేసరికి అన్నీ ఒకటే అనిపిస్తాయి. పక్కనున్న ఇంటాయన "అన్నీ ఒకలాగే ఉన్నాయిగా, ఏదో ఒకటి చెప్పు, పోదాం" అంటారు. మనం కూడా విసుగెత్తి ఒకదానిమీద వేలు పెట్టేస్తాం. ఆ వేలు పెట్టిన రంగుతో తర్వాత ఐదారేళ్ళు కాపురం చేయాలి.

అవన్నీ ఒకలాంటివే గానీ, ఒకటి కావు. నాకా సంగతి ఎలా తెలిసిందో ముందు చెబుతాను.

గుడివాడకు దగ్గరలోని నందివాడలో మా అత్తవారి ఇల్లు ఉంది. అక్కడ చుట్టూ చేపల చెరువులే. మా అత్తగారి గదికి ఉత్తరం వైపు కిటికీ ఒకటే. కిటికీలోంచి చూస్తే చెరువు గట్టు, గట్టుమీద అరటిచెట్లు. ఒక సంక్రాంతికి ముందు ఆ గది కొత్తగా చేయించాం. పాత గచ్చు తీసేసి లేత రంగు టైల్స్ వేయించాం. పట్నం కొట్లో ట్యూబులైటు కింద నిలబడి, పుస్తకంలోంచి ఒక బిస్కట్ రంగు నేనే ఏరాను. పసుపు ఛాయల మధ్యలో అది ఎంతో హుందాగా కనిపించింది. అక్కడితో ఆగానా? "గోడా, తలుపూ, గడపా అన్నీ ఒకే రంగయితే సినిమాలో గదిలా ఉంటుంది" అని మేస్త్రికి చెప్పి అన్నిటికీ అదే వన్నె వేయించాను.

గోడ ఆరాక చూస్తే హుందాతనం ఎక్కడికి పోయిందో! పొద్దున్న కిటికీ తీస్తే గోడంతా పాచి పట్టినట్టు పచ్చగా ఉంది. సరే, అలవాటు పడతాంలే అనుకున్నాం. వారం తిరక్కుండా ఒక రాత్రి అత్తగారు లేచి వెళ్ళబోతూ గడప తట్టుకుని ముందుకు తూలారు. అదృష్టం బాగుండి తలుపు పట్టుకుని నిలదొక్కుకున్నారు. పొద్దున్న నన్ను పిలిచి నెమ్మదిగానే అడిగారు. "అమ్మాయ్, నేలెక్కడ అయిపోయిందో గడపెక్కడ మొదలైందో నాకు తెలియడం లేదు. ఇంత డబ్బు పోసి గడపను దాచిపెట్టారేమిటే?"

ఆ మాట నాకు సూదిలా గుచ్చుకుంది. రంగు ఎంపికంటే అందం సంగతేనని అన్నాళ్ళూ అనుకున్నాను. ఆ తర్వాతే ఈ విషయం కాస్త శ్రద్ధగా తెలుసుకున్నాను. తెలుసుకున్నది మీతో పంచుకుంటాను.

మొదట అసలు ఈ రంగేమిటో చూద్దాం. ఇంగ్లీషులో దీన్ని 'బేజ్' అంటారు. ఇది ఫ్రెంచి మాట. అద్దకం వేయని, చలువ చేయని సహజమైన ఉన్ని రంగుకు వాళ్ళు పెట్టుకున్న పేరది. మన భాషలో చెప్పాలంటే కోరా గుడ్డ రంగు. కోరా గుడ్డ తానులన్నీ ఒక్క వన్నెలో ఉండవని మనకు తెలుసు. ఒకటి పసుపుగా ఉంటుంది, ఒకటి మసిబారినట్టు ఉంటుంది. బిస్కట్ రంగులూ అంతే. కొట్లో యంత్రం తెల్లటి పెయింటులో రెండు మూడు స్టెయినర్లు బొట్లు బొట్లుగా కలుపుతుంది. ఎక్కువగా కలిపేవి పసుపు, ఎరుపు, నలుపు. ఎర్రబొట్టు కొంచెం ఎక్కువైతే గోడకు గులాబి వాలు వస్తుంది. పసుపు ఎక్కువైతే మీగడవాలు. పసుపులో నలుపు పడితే ఆకుపచ్చ వాలు. మూడూ సమంగా ఉండి నలుపు కాస్త హెచ్చితే బూడిద వాలు. పసుపులో నలుపు కలిస్తే పచ్చదనం ఎందుకొస్తుందని మీకు సందేహం రావచ్చు. ఒక పళ్ళెంలో కాసింత పసుపు రంగు, చిటికెడు నల్లరంగు కలిపి చూడండి, మీకే తెలుస్తుంది.

కాబట్టి బిస్కట్ రంగు చూసినప్పుడు "ఇది లేతా, ముదురా?" అన్నది రెండో ప్రశ్న. "ఇది ఎటు వాలింది?" అన్నదే మొదటి ప్రశ్న. గోడమీదకు వచ్చాక మనల్ని బాధపెట్టేది ఈ వాలే.

మరి ఆ వాలు కనిపెట్టడం ఎలా? రంగును ఒంటరిగా చూస్తే కనబడదు. మన కృష్ణా జిల్లాలోనే దీనికి చక్కటి ఉదాహరణ ఉంది. పెడనలో, మచిలీపట్నం చుట్టుపక్కల కలంకారీ అద్దేవాళ్ళు ముందు గుడ్డను కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెడతారు. రంగులు పట్టుకోవడానికి చేసే పని అది. దాంతో గుడ్డకు లేత పసుపు ఛాయ వస్తుంది. ఆరేసిన ఆ గుడ్డను దూరాన్నించి చూస్తే తెల్లగుడ్డే అనుకుంటాం. పక్కన ఒక చలువ చేతిరుమాలు పెట్టండి, అప్పుడు ఆ పసుపు బయటపడుతుంది. అలాగే మీరు చూసే షేడు పక్కన ఒక తెల్లకాగితం పెట్టండి. ఆ తర్వాత మీకు నచ్చిన మూడు నాలుగు షేడ్లు ఒకదాని పక్కన ఒకటి పెట్టండి. అంతవరకూ ఒకటేననిపించినవి, "నేను గులాబి, నేను పచ్చ" అని తమంతట తామే చెప్పుకుంటాయి.

ఈ పక్కనపెట్టడంలోనే ఒక మోసం కూడా ఉంది సుమా. పక్క రంగును బట్టి రంగు మారినట్టు మన కళ్ళకు తోస్తుంది. 1824లో పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో అద్దకాల విభాగానికి షెవ్రెల్ అనే రసాయన శాస్త్రవేత్త అధికారిగా వచ్చాడు. అక్కడ నల్లదారం సరిగా నల్లగా ఉండడం లేదని ఫిర్యాదులొచ్చేవి. ఆయన పరీక్షించి చూస్తే అద్దకంలో లోపమేమీ లేదు. ఆ నల్లదారం పక్కన నీలం, ఊదా దారాలు నేయడంవల్లే నలుపు వెలిసినట్టు కనబడుతోంది. ఈ విషయంమీద 1839లో ఆయన ఒక పెద్ద గ్రంథమే అచ్చువేశాడు. నేను పుస్తకంలో చూసి ముచ్చటపడ్డ రంగు చేసింది కూడా ఇదే. చుట్టూ పసుపు షేడ్లుండడంవల్ల అది హుందాగా బూడిదవన్నెలో కనిపించింది. గదిలోకి వచ్చాక ఆ పసుపు పక్కవాళ్ళు లేరు. పైన నీలిమందు కలిపిన సున్నపు కప్పు ఉంది. నీలిమందు సున్నంలోని పసుపు ఛాయను చంపి తెల్లగా చూపిస్తుందని మనకు తెలిసిందే. ఆ నీలపు తెలుపు కింద మన బిస్కట్టు మరింత పసుపుగా కనిపించింది. దానికి అరటాకుల పచ్చదనం తోడయింది.

అంటే వెలుతురు సంగతి. చీర కొనేటప్పుడు మనం కొట్టువాడి దీపాల్ని నమ్ముతామా? చీర పట్టుకుని గుమ్మంలోకి వచ్చి పగటి వెలుతురులో చూస్తాం. మ్యాచింగ్ జాకెట్టు గుడ్డ లోపల చక్కగా కలిసి, బయటకు రాగానే కలవకపోవడం మనలో ఎవరికి అనుభవం కాదు? రెండు గుడ్డల్లోని అద్దకాలు వేరయినప్పుడు ఒక దీపం కింద కలుస్తాయి, ఇంకో దీపం కింద విడిపోతాయి. ఇంత తెలివి ఉన్నవాళ్ళం, ఆరు గజాల చీరకు పడ్డ జాగ్రత్త నాలుగు గోడలకు పడం. అదే నాకు ఆశ్చర్యం.

గదిలోకి వచ్చే వెలుతురుకూ రంగుంటుంది. ఉత్తరపు కిటికీలోంచి సాధారణంగా వచ్చేది ఎండ కాదు, ఆకాశపు వెలుతురు. అందులో నీలం ఎక్కువ. ఆ గదిలో బూడిదవాలు బిస్కట్టు వేస్తే చప్పగా, మబ్బు పట్టినట్టు ఉంటుంది. కొంచెం పసుపుకో, ఎరుపుకో వాలిన రంగు అక్కడ నయం. పడమటి గదిలో సాయంత్రపు ఎండ పసుపు, నారింజ కలిసి వస్తుంది. అక్కడ మీగడ రంగు వేస్తే సాయంత్రానికి పసుపుముద్దలా అవుతుంది. ఆ గదికి బూడిదవాలు నప్పుతుంది. ఇంకొక మాట. విదేశీ పుస్తకాలు ఉత్తరపు గదికి ఎండే రాదని రాస్తాయి. అవి వాళ్ళ దేశాలకు సరిపోతాయి. మన కృష్ణా డెల్టాలో మే రెండోవారం నుంచి ఆగస్టు మొదటివారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. కాబట్టి పుస్తకాన్ని నమ్మకుండా మీ కిటికీని మీరే గమనించండి.

కిటికీ అవతల ఏముందో కూడా చూడాలి. పచ్చని చేను, చెట్లు ఉంటే వెలుతురు పచ్చగా వస్తుంది. ఎదుటింటివారి గోడ ఎర్రగా ఉంటే ఎర్రగా వస్తుంది. చెరువు ఉంటే ఆకాశాన్ని నీళ్ళు గదిలోకి పంపిస్తాయి. ఎదుట పచ్చదనం ఉన్న గదికి ఆకుపచ్చ వాలున్న బిస్కట్టు వేయడమంటే పులుసులో మళ్ళీ చింతపండు పిండడమే.

రాత్రి దీపాల మాటకొస్తే, వెనకటి ఫిలమెంటు బల్బు పసుపు వెలుగు ఇచ్చేది. ఇప్పటి ఎల్.ఇ.డి. బల్బుల అట్టపెట్టె మీద ఒక అంకె, పక్కన 'కె' అని ఉంటుంది. అది వెలుగు వన్నెకు కొలత. 2700, 3000 ఉంటే పసుపు వెలుగు. 6500 ఉంటే నీలం కలిసిన తెల్లవెలుగు. 4000 మధ్యరకం. తెల్లవెలుగు కింద గులాబివాలు రంగు పాలిపోతుంది, పసుపు వెలుగు కింద అదే ముదురుతుంది. అంచేత ఆ గదిలో ఏ బల్బు వాడతారో ముందు తేల్చుకుని, తర్వాత రంగు తేల్చుకోండి.

పుస్తకంలోని చిన్న చీటీకీ గోడకూ ఇంకో తేడా ఉంది. చీటీ అగ్గిపెట్టెంత. గోడలు నాలుగు, ఒకదానికొకటి ఎదురుగా నిలబడి రంగును అటూ ఇటూ విసురుకుంటాయి. పసుపు గోడమీద పడ్డ వెలుతురు పసుపుగా వెళ్ళి ఎదుటి పసుపు గోడమీద పడుతుంది. అందుకే చీటీలో లేతగా ఉన్నది గదిలో చిక్కనవుతుంది. రెండు షేడ్ల మధ్య ఊగిసలాడుతూంటే, లేతదాన్నే తీసుకోండి. సాధారణంగా అదే సరిపోతుంది.

ఇక నా పొరపాటులో పెద్దభాగం దగ్గరకొస్తాను. గదిలో ఎవరుంటారు? ఈ ప్రశ్న ఏ షేడ్ పుస్తకమూ అడగదు. వయసు మీదపడే కొద్దీ కంటిలోని కటకం పసుపుబారుతుంది, లోపలికి పోయే వెలుతురు తగ్గుతుంది. పెద్దవాళ్ళకు లేత రంగుల మధ్య తేడాలు కరిగిపోతాయి. మా అత్తగారికి అప్పటికి ఒక కంటికే శుక్లం ఆపరేషన్ అయింది. "ఈ కంటితో చూస్తే గోడ ఒక రంగు, ఆ కంటితో చూస్తే ఇంకో రంగు" అనేవారు. చాదస్తమనుకున్నాం. అది చాదస్తం కాదు. ఆపరేషన్ కంట్లో పసుపుబారిన కటకం తీసేసి స్వచ్ఛమైనది పెడతారు. ఆ కంటికి తెలుపు తెల్లగా, నీలం నీలంగా కనబడుతుంది. రెండో కన్ను ఇంకా పసుపు అద్దంలోంచే చూస్తోంది. ఆమె చెప్పింది అక్షరాలా నిజం.

ఇలాంటివాళ్ళ గదిలో గోడ, తలుపు, గడప, నేల, స్విచ్చుబోర్డు అన్నీ ఒకే వన్నె కావడం ప్రమాదం. కొన్ని కంపెనీల షేడ్ పుస్తకాల్లో ప్రతి రంగుకూ 'ఎల్.ఆర్.వి.' అని ఒక అంకె ఉంటుంది. ఆ రంగు తనమీద పడ్డ వెలుతురులో ఎంత తిరిగి ఇస్తుందో ఆ అంకె చెబుతుంది. కటిక నలుపుకు 0, నిండు తెలుపుకు 100. బ్రిటన్‌లో అందరికీ అనువుగా కట్టే భవనాల ప్రమాణాల్లో గోడకూ తలుపుకూ మధ్య ఈ అంకెలో 30 తేడా ఉండాలని సూచిస్తారు. మనం అంత లెక్కలు వేయనక్కర్లేదు. గది తలుపులు దగ్గరకు వేసి, మసకవెలుతురులో కళ్ళు సగం మూసి చూడండి. గోడా తలుపూ విడివిడిగా కనిపిస్తే సరే. కలిసిపోతే ఒకటి మార్చాలి.

మన వెనకటి ఇళ్ళు చూడండి. గోడ తెల్లటి సున్నం, కింద జాజు పట్టీ, గడపకు పసుపు, పసుపుమీద కుంకుమ బొట్లు. అది పూజకోసం, శుభం కోసం చేసుకున్న పనే కావచ్చు. దీపపు వెలుగులో ముసలివాళ్ళకు గడప కనబడడానికి కూడా అది ఎంతో ఉపకరించేది. నేనా పసుపు కుంకుమలు తీసేసి బిస్కట్ రంగు పూయించాను.

ఇప్పుడు చేయవలసిన పద్ధతి వరసగా చెబుతాను, రాసుకోండి.

ఒకటి. కొట్లోనే నిర్ణయం చేసుకోవద్దు. మూడు షేడ్లు ఏరుకుని, వాటి నంబర్లు రాసుకుని ఇంటికి రండి. నాలుగోది వద్దు. ఎక్కువైతే కళ్ళు అలిసిపోతాయి.

రెండు. ఆ మూడింటికీ దొరికినంత చిన్న డబ్బాలు నమూనాకు కొనండి. మూడు పెద్ద అట్టలకు, కనీసం రెండడుగుల చదరం ఉండేలా, అంచులదాకా రెండేసి కోటింగులు వేయించండి. పాత గోడమీద ముక్కలు పూయవద్దు. షెవ్రెల్ గారి సంగతి గుర్తుంది కదా, పాత రంగు కొత్త రంగును మార్చి చూపిస్తుంది. పూర్తిగా ఆరాకే చూడండి. తడిగా ఉన్నప్పటి రంగూ ఆరిన రంగూ ఒకటి కావు.

మూడు. అట్టను బల్లమీద పడుకోబెట్టి చూడకూడదు. గోడలా నిలబెట్టాలి. కిటికీ పక్క గోడకొకసారి, ఎదుటి గోడకొకసారి, మూలకొకసారి ఆనించి చూడండి. ఒకే రంగు ఒకే గదిలో మూడుచోట్ల మూడు విధాలుగా ఉంటుంది.

నాలుగు. పొద్దున్న కాఫీ వేళ, మధ్యాహ్నం, సాయంత్రం దీపాలకు ముందు, రాత్రి దీపం వేశాక చూడండి. మీరు ఆ గదిలో ఎక్కువగా ఉండే వేళకు ఎక్కువ మార్కులు వేయండి.

ఐదు. మార్చలేని వస్తువుల పక్కన పెట్టి చూడండి. నేల, టేకు తలుపు, బీరువా, మంచం, కర్టెన్లు. కడప రాళ్ళ నల్లనేల పక్కన దాదాపు ఏ బిస్కట్టయినా నిలబడుతుంది. ఎర్రగచ్చు పక్కన గులాబివాలు కలిసిపోతుంది, పచ్చవాలు కొట్టుకుంటుంది. లేత టైల్స్ ఉన్నచోట మాత్రం టైలు ఎటు వాలిందో చూసి, గోడను కూడా అటే వాలనివ్వండి. టైలు గులాబి, గోడ పచ్చ అయితే రెండూ మురికిగా కనబడతాయి.

ఆరు. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళను పిలిచి చూపించండి. "ఏది బాగుంది?" అని కాదు, "తలుపు కనబడుతోందా, స్విచ్చు కనబడుతోందా?" అని అడగండి.

రంగు తేలాక గోడ సంగతి ఒక్క మాటలో చెబుతాను. మన డెల్టా నల్లరేగడి నేలల్లో, చెరువుల పక్కన గోడలకు చెమ్మ ఎక్కుతుంది. ఉప్పు పూసిన గోడమీద ఏ రంగూ నిలవదు. లేత రంగుమీద ఆ మరక ఇంకా ముందుగా కనబడుతుంది. చెమ్మ కారణం సరిచేయించి, గోడ బాగా ఆరాకే లప్పం పెట్టించండి. పాత సున్నపు గోడయితే పొడి రాలకుండా గీకించి ప్రైమర్ కొట్టించకపోతే ఎమల్షన్ పెచ్చులుగా ఊడుతుంది. మెరుపు ఎక్కువున్న రకం గోడ ఎగుడుదిగుళ్ళన్నీ చూపిస్తుంది. మెరుపు తక్కువది వాటిని కప్పుతుంది. గదికి కావలసిన రంగంతా ఒకేసారి కొనండి. రెండు మూడు డబ్బాలైతే ఒక పెద్ద బక్కెట్లో పోసి కలిపించండి. డబ్బాకూ డబ్బాకూ వెంట్రుకవాసి తేడా ఉన్నా బిస్కట్ రంగులో పట్టుబడుతుంది. షేడ్ నంబరు ఒక చీటీమీద రాసి బీరువా తలుపు లోపల అంటించుకోండి.

మా గది సంగతి అడుగుతారు కదూ? గోడలు మళ్ళీ వేయించడానికి అప్పుడు డబ్బులు లేవు. ముందు తలుపుకు చిక్కటి గోధుమరంగు వేయించాను. నేలకూ గోడకూ మధ్య జాజు రంగు పట్టీ తీయించాను. గడపకు మటుకు మా అత్తగారే కూర్చుని పసుపు రాసి బొట్లు పెట్టారు. ఆ మరుసటేడు మూడు అట్టలతో నందివాడ వెళ్ళి, రెండురోజులుండి చూసి, కాస్త ఎరుపుకు వాలిన లేత గంధం రంగు ఎంచుకున్నాను. అరటాకుల పచ్చదనాన్ని ఆ ఎరుపు సరిచేసింది. గోడ ఇప్పుడు పాచిరంగులో లేదు.

"గోడ బాగుందా అత్తయ్యగారూ?" అని అడిగాను. ఆవిడ గోడవైపు చూడనేలేదు. "గడప కనబడుతోందమ్మాయ్" అన్నారు.

ఈసారి షేడ్ పుస్తకం ముందు కూర్చున్నప్పుడు ఇంటాయన "అన్నీ ఒకటేగా" అంటే, తొందరపడకండి. మూడు నంబర్లు రాసుకుని ఇంటికి వచ్చేయండి. మిగిలినది మీ కిటికీ, మీ నేల, మీ ఇంట్లో పెద్దవాళ్ళు చెబుతారు.